మా ఇంటి వాతావరణం

ఫిబ్రవరి 4

అన్నయ్యకి,

ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేమిటని కవరు చించకముందే అనుమానపడి ఉంటావు. ఫోన్‌లో నువ్వు నాలుగో మాటకే "సరే, పెట్టేస్తున్నా" అంటావు. ఉత్తరాన్ని అలా మధ్యలో పెట్టేయలేవు. విసిరేసినా మళ్లీ తీసి చదువుతావు, నీ సంగతి నాకు తెలుసు.

ముందు సంతోషం కబురు. మీ గువ్వ మాట్లాడింది! నా క్లాసులోకి వచ్చినప్పటి నుంచి హాజరు పిలిస్తే చెయ్యెత్తడమే తప్ప నోరు విప్పని పిల్ల. "టీచర్, దీనికి నాలుక లేదు" అని పక్కవాళ్లు వెక్కిరించినా పలికేది కాదు. సొంత మేనత్తనై ఉండి కూడా దాని నోటి నుంచి ఒక్క ముక్క రప్పించలేకపోతున్నానే అని నేను లోలోపల ఎంత కుమిలిపోయానో నీకు తెలియదు.

ఎలా జరిగిందో చెప్తాను. ఈ ఏడు మా ఐదో తరగతికి భూమి వేడెక్కడం మీద కొత్త పాఠాలు పెట్టారు. పుస్తకం నిండా మంచుకొండలూ, తెల్ల ఎలుగుబంట్లూ. మా పిల్లలు మంచుని చూసింది ఫ్రిజ్ పై అరలోనే. అందుకని ఎలుగుబంటిని పక్కన కూర్చోబెట్టి, రోజూ పొద్దున కొంతమంది లేచి "మా ఇంటి వాతావరణం" చెప్పాలని పెట్టాను. ఎండ ఏ కిటికీలోంచి వస్తోంది, గాలి ఎటు నుంచి వీస్తోంది, చీమలు బారులు కట్టాయా, ఏ పిట్ట కొత్తగా వచ్చింది, అలాంటివి. బోర్డు మీద ఒక మూల రాసి మర్నాడు తుడిచేస్తాను. ఒకడు లేచి, "మా ఇంట్లో ఫ్యాన్ వేసినా ఉక్కే టీచర్, ఫ్యాన్ కింద ఎప్పుడూ మా తాతే కూర్చుంటాడు" అన్నాడు. అదీ రాశాను.

మొన్న నేను పిలవకుండానే గువ్వ లేచి నిలబడింది. "మా ఇంట్లో నిన్న సాయంత్రం వాన పడింది" అంది. క్లాసంతా గొల్లుమంది. ఊళ్లో చినుకు పడి ఎన్నాళ్లయిందో నీకూ తెలుసు. నేను అందర్నీ కసిరి, బోర్డు మీద "వాన" అని రాశాను. మర్నాడు మళ్లీ లేచి, "నిన్న కూడా" అంది. ఈసారి ఎవరూ నవ్వకముందే రాసేశాను.

ఇంతకీ మీ ఇంటి మీద ట్యాంకు పొంగుతోందో, పైపు కారుతోందో చూపించు. నేనే వెళ్లి చూద్దామంటే వదినకీ నాకూ మాటల్లేవాయె. "అమ్మ చిక్కిపోయింది" అని నలుగురిలో ఒక్క మాట అన్న పాపానికి "అంటే నేను పస్తులు పెడుతున్నాననా?" అని ముఖం తిప్పుకున్న మనిషి మళ్లీ ఇటు తిప్పలేదు. అమ్మ కూడా కోడలి వైపే. కన్నకూతుర్ని చేదైపోయాను. కాబట్టి నేను చెప్పానని అనకుండా కనుక్కో.

నిన్నటి పాఠంలో మీ కరెంటు ప్లాంటు లాంటి వాటి పొగ గొట్టాల గురించి చెప్పాను. ఆ పొగ ఎప్పుడో ఒకప్పుడు ఆగక తప్పదు కదా. అయినా గువ్వ చిన్నబుచ్చుకోకుండా, మనకి లైటు వెలుగుతోందంటే వాళ్ల నాన్న లాంటి వాళ్లు బాయిలర్ దగ్గర చెమటోడ్చబట్టే అని కూడా చెప్పానులే.

దిద్దాల్సిన పేపర్లు నన్నే చూస్తున్నాయి. జవాబు రాయి, ఫోన్ చెయ్యకు.

నీ చెల్లెలు


ఫిబ్రవరి 10

పంతులమ్మగారికి,

నీ కవరుకి గోందు రెండుసార్లు పూసినట్టుంది. నువ్వే పూశావా, దారిలో ఎవరైనా విప్పి చదివారా? ఇక మీదట టేపు వెయ్యి.

గువ్వ మాట్లాడిందంటే సంతోషమే. ఇంట్లో గలగలలాడే పిల్ల మీ స్కూల్లో ఎందుకు మూగబోయిందో మీరే ఆలోచించుకోవాలి.

మా పైకప్పుకి ఏ రోగమూ లేదు. పోయినసారి వచ్చినప్పుడు ట్యాంకు వాల్వు నా చేత్తో మార్చాను. బాయిలర్‌లో వెంట్రుకంత పగులుంటే చప్పుడుని బట్టి చెప్పేవాణ్ణి, నా ఇంటి పైపు కారుతుంటే తెలియదనుకున్నావా? అయినా నువ్వు పెట్టిన పురుగు తొలుస్తుంటే ఉండబట్టలేక ఫోన్‌లో మీ వదినని అడిగాను. నీ పేరెత్తలేదు. "ఇంట్లో వాన పడుతోందట?" అన్నాను, అంతే. "మీకెవరు చెప్పారు?" అంది. పైపు కారుతుంటే అవునంటారు, కారకపోతే లేదంటారు. "ఎవరు చెప్పారు" అనేది ఏ పైపుకి జవాబో నువ్వే చెప్పు. అమ్మని పిలవమంటే తలనొప్పిగా ఉందని పడుకుందట.

ఇక నీ సంగతికి వస్తాను. "ఆ పొగ ఎప్పుడో ఒకప్పుడు ఆగక తప్పదు కదా" అని రాశావు. ఎందుకు రాశావు? నీకెవరు చెప్పారు? మా ప్లాంటు వాళ్లెవరైనా అటు వచ్చారా? మీ ఆయన ఆఫీసులో ఎవరైనా అన్నారా? ఊరికే రాసేదానివి కాదు నువ్వు. చిన్నప్పటి నుంచీ నీ ప్రతి మాటకీ ఒక తోక ఉంటుంది.

ఇక్కడ పని ముమ్మరంగా ఉంది. ఊపిరి సలపడం లేదు. ఎవరైనా అడిగితే అదే చెప్పు.

అన్న


ఫిబ్రవరి 16

అనుమానాల అన్నయ్యకి,

టేపు వేశాను, చూసుకో. కిందటిసారి గోందు రెండుసార్లు పూసింది నేనే. వదిన గురించి రాసింది కొట్టేద్దామని కవరు విప్పి, చేతులు రాక మళ్లీ అంటించాను. ఇప్పుడు నీ ప్రాణం కుదుటపడిందా?

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడట ఒకడు. నేను పాఠంలో చెప్పిన ముక్క రాస్తే "నీకెవరు చెప్పారు" అని నన్ను నిలదీస్తావేం? నాకెవరైనా చెప్పాల్సింది ఏముంది అక్కడ?

అది అలా ఉంచు. వాన సంగతి తేలింది. తేలాక నాకు నిద్ర కరువైంది.

శుక్రవారం గువ్వ లేచి, "నాయనమ్మ దగ్గర మబ్బు. అమ్మ దగ్గర వాన. వంటింట్లో ఎక్కువ" అంది. వంటింట్లో ఎక్కువ వాన ఏమిటి? ఇంటర్వెల్‌లో వరండాలోకి పిలిచి, మా థర్మామీటరు వేలాడే స్తంభం దగ్గర నిలబెట్టి అడిగాను.

"వాతావరణం అంటే ఏమిటే?"

"అదే అత్తా, ఇంట్లో వాతావరణం బాగాలేదు, నువ్వెళ్లి బయట ఆడుకో అంటుంది కదా అమ్మ. అది."

"మరి వాన అంటే?"

"ఏడుపు," అంది. ఈమాత్రం తెలియనిదానివి టీచరెలా అయ్యావన్నట్టు నన్ను చూసింది.

ముందు నవ్వొచ్చింది. ఆ నవ్వు గొంతు దాటకముందే ఆగిపోయింది. తప్పు పిల్లది కాదు. ఆకాశంలో మబ్బుకీ, ఇంట్లో మనుషుల మధ్య ముభావానికీ మనం ఒకే మాట వాడుకుంటున్నాం. నేను ఆకాశం అడిగాను, అది తనకి తెలిసిన అర్థం పట్టుకుని ఇల్లు చెప్పింది. వెనక్కి తిరిగి చూసుకుంటే ఇన్ని రోజుల నుంచీ నా బోర్డు మూల మీద మీ ఇంటి కన్నీళ్లు రాసి పెడుతున్నాను.

అలా కాదమ్మా అని దిద్దలేదు. ఎందుకు దిద్దలేదో నువ్వు అర్థం చేసుకోవాలి. ఇన్నాళ్లకి తెరుచుకున్న నోరది. నువ్వు చెప్పేది తప్పు అన్నానంటే మళ్లీ మూసుకుంటుంది. ఈసారి మూసుకుంటే తెరిపించడం నా తరం కాదు, ఎవరి తరమూ కాదు. పిల్లలకి దాని వాన ఇంకా ట్యాంకు వానే. అలాగే ఉండనిచ్చాను.

కానీ అన్నయ్యా, అమ్మ ఎందుకు మబ్బు పట్టింది? వదిన వంటింట్లో దూరి ఎందుకేడుస్తోంది? ఏడిపించి ఏడ్చేవాళ్లు కూడా ఉంటారు లోకంలో. నేనెవర్నీ ఏమీ అనడం లేదు. అమ్మ చిక్కిపోయిందని నేనన్నప్పుడు ఎవరూ వినలేదు, అది మాత్రం గుర్తు చేస్తున్నాను.

మీ బావగారు నిన్ను అడిగానని చెప్పమన్నారు. ఆయన ఆఫీసులో ఎవరూ ఏమీ అనలేదట.

చెల్లెలు


ఫిబ్రవరి 22

ఉపాధ్యాయురాలికి,

పాఠం పేరు పెట్టి నా కొంపలో కూపీ లాగుతున్నావన్నమాట. భూమి వేడెక్కే సంగతి నేర్పమని జీతమిస్తుంటే ఇళ్లు ఎలా అంటుకుంటాయో నేర్పుతున్నావు. నా పెళ్లాం ఏడుపు బోర్డు మీద రాసి, కింద ఉష్ణోగ్రత కూడా రాశావా?

మీ వదిన మీద నీకున్న కడుపుమంట నాకు తెలియనిది కాదు. అందుకు చిన్నపిల్లని వాడుకుంటావని మాత్రం అనుకోలేదు. నీకు కావలసింది వింటున్నావు కాబట్టి దిద్దలేదు. పైకి "నోరు మూసుకుంటుందేమో" అని జాలి! పరీక్షలయ్యాక గువ్వని ఆ స్కూలు మాన్పించి వేరేచోట వేస్తాను. ఇందులో మార్పు లేదు.

అమ్మకి ఫోన్ చేశాను. "నీ పెళ్లాం బంగారంరా" అంది. అడక్కుండా అంది. అత్తగారు కోడల్ని అడక్కుండా బంగారం అందంటే ఎక్కడో మెరుగు పెడుతున్నట్టే. పైగా స్పీకర్ పెట్టారు. పెడితే నాకు తెలిసిపోతుంది, గొంతు డబ్బాలోంచి వచ్చినట్టు వస్తుంది. అమ్మ ప్రతి మాటకీ ముందు ఆగి, ఎవరో సైగ చేస్తే చెప్పినట్టు చెప్పింది. మీరంతా కలిసి నా దగ్గర ఏదో దాస్తున్నారు. దూరాన ఉన్నవాడికి ఏం కనబడుతుందిలే అనుకుంటున్నారు. నాకు కనబడకపోవచ్చు, వాసన వస్తుంది.

ఇంకేం చెప్పింది గువ్వ? నేను అడుగుతున్నానని కాదు. ఇంటి గుట్టు ఎంతవరకు బయటపడిందో నాకు తెలియాలి కదా. వెంటనే రాయి.

అన్న


మార్చి 1

అన్నయ్యకి,

మాన్పిస్తానంటావు, ఇంకేం చెప్పిందో వెంటనే రాయమంటావు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. నీ విషయంలో కప్పా పామూ రెండూ నువ్వే.

నీ ఉత్తరం చదివి రెండు రోజులు నీకు రాయకూడదనుకున్నాను. కడుపుమంట అన్నావు. వదినంటే నాకు కోపముంది, లేదనను. కానీ ఆ కోపం కోసం పిల్లని తవ్వుకుంటానా? దానికి మొదటిసారి స్నానం చేయించింది నేను. ఆ మాట నువ్వు అనకుండా ఉండాల్సింది.

అడిగావు కాబట్టి చెప్తున్నాను. చదివాక కూర్చుని నిదానంగా ఆలోచించు.

ఈ వారం పిల్లలకి కారణం వెతకడం నేర్పుతున్నాను. ఒకరోజు ఎండ మండిపోతే భూమి వేడెక్కిందని అరవకూడదు, ఒకరోజు చలేస్తే అంతా అబద్ధమనీ అనకూడదు. ఏది ముందొచ్చింది, దాని వెనక ఏదొచ్చింది, ప్రతిసారీ అలాగే వచ్చిందా, అది చూడాలని చెప్పాను. ఒకడు "మా అమ్మ బట్టలు ఆరేసిన ప్రతిసారీ దుమ్ము లేస్తుంది టీచర్" అన్నాడు. అయితే దుమ్ముకి కారణం మీ అమ్మేనా అని అడిగితే చాలాసేపు తల గోక్కున్నాడు.

గువ్వ చెయ్యెత్తింది. "నాన్న ఫోన్ వచ్చిన రోజు వాన. రాని రోజు మబ్బు. ప్రతిసారీ అంతే" అంది.

విన్నావా? వదినా కాదు, అమ్మా కాదు. వాళ్లిద్దరూ ఒకర్నొకరు పొడుచుకుంటున్నారని నేనూ అనుకున్నాను, నువ్వూ అనుకున్నావు. ఇద్దరం తప్పు మబ్బుని పట్టుకున్నాం. నువ్వు ఫోన్ పెట్టేశాకే ఏడుపు మొదలవుతోంది. ఏం చెప్తున్నావు నువ్వు వాళ్లకి? తోబుట్టువుని కాబట్టి మొహమాటం లేకుండా అడుగుతున్నాను. అక్కడ ఇంకెవరైనా ఉన్నారా నీకు? పని ముమ్మరం, ఊపిరి సలపదు అంటావు. ఇంటికి రావడం తగ్గించావు. ఇలాంటి ముమ్మరాలు నేను మా స్కూల్లో ఇద్దరి కాపురాల్లో చూశాను.

ఇంకొకటి కూడా రాయాలి, ఇది రాయడానికే భయంగా ఉంది. ఒక రోజు ఉండి పోయేది వాతావరణం, ఏళ్ల తరబడి ఒక చోట పాతుకుపోయేది శీతోష్ణస్థితి అని చెప్పాను. వాతావరణం మారినంత తేలిగ్గా అది మారదని చెప్పాను. బెల్లు కొట్టాక గువ్వ నా టేబులు దగ్గరికొచ్చి, అందరూ వెళ్లేదాకా ఆగి, "మా ఇంట్లోది ఏది టీచర్?" అంది.

దానికి నీ దగ్గర జవాబుంటే రాయి.

చెల్లెలు


మార్చి 5

నీకు,

ఇంకెవరూ లేరు. ఆ మాట రాసిన చేతిని ఏమనాలో తెలియడం లేదు. మీ ఆయన పక్కన కూర్చుని ఇవన్నీ నీకు చెప్పి రాయిస్తున్నాడా?

ఆ చివరి ప్రశ్న పిల్ల అడగలేదు. పదేళ్ల పిల్ల అలా అడగదు. నువ్వు రాశావు. చిన్నప్పుడు వ్యాసరచనలో బహుమతులు కొట్టేసినదానివి, నాకు తెలియదా?

నా ఉద్యోగం గురించి ఎవరో నీకు మోశారు. అది మనసులో పెట్టుకుని పొగ, ఫోన్, వాన అంటూ చుట్టూ తిరుగుతున్నావు. ఉన్నదేదో సూటిగా అడిగే ధైర్యం లేదు.

నిన్న గువ్వతో మాట్లాడాను. ఇంటి సంగతులు స్కూల్లో చెప్పొద్దన్నాను. చెప్తే నాన్నకి కోపం వస్తుందన్నాను. సరే అంది. ఇక నీ బోర్డు మీద ఆకాశం గురించి రాసుకో.

అన్న


మార్చి 11

అన్నయ్యకి,

నువ్వు గెలిచావు.

సోమవారం గువ్వ వంతు వచ్చింది. లేవలేదు. పేరు పెట్టి పిలిస్తే లేచి, కిటికీ వైపు చూసి, "బాగానే ఉంది" అని కూర్చుంది. ఇంకేమైనా ఉందా అని అడిగితే లేదన్నట్టు తల అడ్డంగా ఊపింది. మర్నాడూ అంతే. "బాగానే ఉంది." పెద్దవాళ్లు ఎదురుపడి ఎలా ఉన్నావంటే మనం అనే మాట, అచ్చం అదే గొంతుతో. నేను సుద్దముక్క పట్టుకుని బోర్డు దగ్గర నిలబడి ఏం రాయాలో తెలియక ఏమీ రాయలేదు. ఇవాళ "బాగానే ఉంది" కూడా అనలేదు. హాజరుకి చెయ్యెత్తింది, అంతే. పక్కవాడు మళ్లీ నాలుక లేదని మొదలుపెట్టాడు. అన్నయ్యా, నాకు ఏడుపొచ్చింది. క్లాసులో ఏడవకూడదని రిజిస్టరు కోసం వెళ్తున్నట్టు బయటికి వెళ్లాను.

సాయంత్రం వదిన స్కూలు గేటు దగ్గర నిలబడి ఉంది. గొడవకే వచ్చిందనుకుని చీర కొంగు బిగించుకున్నాను. ఎండలో చాలాసేపటి నుంచీ ఉన్నట్టుంది, ముఖం కమిలిపోయింది.

"నీకు చెప్పారు, నాకు చెప్పలేదు. అంతేగా?" అంది.

"ఏం చెప్పాడు వదినా?"

"ఇంకా దాస్తావేం? ఏడుపుని వాన అనేది మా గువ్వే. ఇంట్లో వాన పడుతోందట అని ఆయన అడిగినప్పుడే అర్థమైంది, మీ అన్నాచెల్లెళ్లు అన్నీ మాట్లాడుకుంటున్నారని. కట్టుకున్నదాన్ని, నాకొక్కదానికే చెప్పరా? యూనిట్ మూసేశారట కదా!"

నాకేమీ తెలియదని ఒట్టు వేస్తే అప్పుడు నమ్మింది. నమ్మి, గేటు పట్టుకుని అక్కడే కూలబడింది. నేనూ పక్కన కూర్చున్నాను. పిల్లలు మా మీది నుంచి దాటుకుంటూ వెళ్లారు.

ఎలా తెలిసిందని అడిగాను. "పిట్టలు" అంది. "ఇన్నేళ్లూ ఆయన ఫోన్ చేస్తే వెనకాల ఒకటే హోరు. గొంతు చించుకుంటే గానీ వినపడేది కాదు. ఇప్పుడు, ఊపిరి సలపనంత పని అంటున్నారు, వెనకాల పిట్టలు కూస్తున్నాయి. ముందు అత్తయ్యే పట్టేసింది. అడిగేస్తానంటే పడనివ్వదు. వాడంతట వాడు చెప్పేదాకా అడక్కు, వాడు తల దించుకుంటే నేను చూడలేను అంటుంది. ఆయన అబద్ధం చెప్తున్నంతసేపూ ఊఁ కొడతాం. పెట్టేశాక ఏడుస్తాం."

నువ్వు వాళ్ల దగ్గర దాచావు. వాళ్లు తమకి తెలుసన్న సంగతి నీ దగ్గర దాచారు. నేను వాళ్లనీ నిన్నూ అనుమానించాను. ఇంట్లో ఒక్క మనిషి ఉన్నది ఉన్నట్టు చెప్తుంటే, నలుగురం కలిసి ఆ ఒక్క నోరూ నొక్కేశాం.

ఒక మాట దాచకుండా చెప్తాను. ఆ పొగ ఆగాలని నేను పిల్లలకి చెప్పాను. రేపూ అదే చెప్తాను, అది నిజం కాబట్టి. కానీ ఆగిపోయిన ఆ గొట్టం కింద మా అన్నయ్య ఒక్కడే నిలబడి ఉన్నాడని నాకు తెలియదు. తెలిసి ఉంటే ఆ ముక్క నీకు అలా రాసేదాన్ని కాదు.

నువ్వు నాకేమీ జవాబు చెప్పక్కర్లేదు. వదినకీ అమ్మకీ కూడా చెప్పక్కర్లేదు, వాళ్లకి ముందే తెలుసు. గువ్వకి ఫోన్ చెయ్యి. నోరు మూసుకోమన్నది నువ్వు. తెరవమని చెప్పాల్సిందీ నువ్వే.

చెల్లెలు


మార్చి 16

చెల్లాయికి,

నువ్వూ మీ వదినా ఒకే గేటు దగ్గర పక్కపక్కన కూర్చున్నారంటే నాకు ముందు అదే నమ్మబుద్ధి కాలేదు. మీరిద్దరూ కలిసి నన్ను పట్టుకోవడానికి పన్నిన ఎత్తనుకున్నాను. పిట్టల ముక్క చదివి బయటికి వచ్చి నిలబడ్డాను. నిజమే, అరుస్తున్నాయి. ఇన్నాళ్లూ నేను వినలేదు.

యూనిట్ ఆపేసిన మాట నిజం. పాతబడింది, పొగ ఎక్కువ అన్నారు. మిగతావాళ్లని పంపించేశారు. ఇనుము దొంగిలించకుండా నన్నూ ఇంకొకాయన్నీ కాపలా పెట్టారు. ఆరిపోయిన బాయిలర్‌కి కాపలావాణ్ణి నేనిప్పుడు. ఎన్నాళ్లో చెప్పలేదు. ఇంకో చోట పని దొరికాక అంతా ఒకేసారి చెబుదామనుకున్నాను. దొరకలేదు. నీ పాఠం ప్రకారం లోకానికి మంచిదే జరిగింది, నేను కాదనను. లోకానికి మంచి జరిగిన రోజున కొన్ని ఇళ్లలో ఇలా కూడా ఉంటుందని ఆ పాఠంలో ఒక ముక్క కలుపు.

నిన్న సాయంత్రం ఫోన్ చేసి గువ్వకి ఇమ్మన్నాను. అది రాగానే, "స్పీకర్ తీసెయ్యనా నాన్నా?" అంది.

"ఉండనీ. అందరినీ విననీ" అన్నాను.

ఏం మాట్లాడాలో ముందే అనుకుని పెట్టుకున్నాను. ఒక్కటీ గుర్తు రాలేదు. "నాన్న పనిచేసేచోట మంట ఆర్పేశారమ్మా. మళ్లీ వెలిగించరు. నాకు పని పోయింది. మీకు చెప్పడానికి సిగ్గేసి చెప్పలేదు" అన్నాను. అవతల మీ వదిన ముక్కు ఎగబీల్చడం వినపడింది. అమ్మ ఏదో అనబోతే వదినే ఆపింది.

గువ్వ, "అయితే అక్కడ ఇప్పుడు పొగ రావట్లేదా?" అంది.

"రావట్లేదు."

"మరి ఆకాశం ఎలా ఉంది?"

నాకు తెలియదు చెల్లాయ్. ఇన్నేళ్లూ నేను పైకి చూసింది పొగ రంగు కోసమే. నల్లగా వస్తే మంటకి గాలి చాలడం లేదని, పల్చగా వస్తే సరిగ్గా మండుతోందని. ఆకాశం కోసం ఎప్పుడూ చూడలేదు. ఫోన్ పట్టుకుని యార్డు మధ్యకి వెళ్లి చూశాను. "శుభ్రంగా ఉందమ్మా. ఎక్కడా మరక లేదు" అన్నాను.

"అది మంచి వాతావరణమే కదా నాన్నా."

"మంచిదే."

"మరి ఎందుకేడుస్తున్నావు?"

"మా ఇంట్లోది ఏది" అని నువ్వు రాసిన ప్రశ్న పిల్లే అడిగి ఉంటుందని అప్పుడు నమ్మాను. పదేళ్ల పిల్ల అలా అడుగుతుంది.

స్కూల్లో చెప్పొద్దని నేనన్న మాట తప్పని చెప్పాను. నాకు కోపం రాదని చెప్పాను. అది వెంటనే నమ్మలేదు. నా కూతురు కదా, ఊరికే నమ్మదు. "నిజంగా రాదా?" అని మళ్లీ మళ్లీ అడిగి, ఆఖరికి, "రేపు నా వంతు. ఏది చెప్పనూ? ఆకాశం బాగుందనా, నువ్వు ఏడ్చావనా?" అంది.

రెండూ చెప్పమన్నాను.

ఈ ఉత్తరం నీకు అందేసరికి అది చెప్పేసి ఉంటుంది. ఏమన్నదో ఉన్నది ఉన్నట్టు రాయి. నీ సొంత కవిత్వం ఒక్క ముక్క కలపకు.

అన్నయ్య